హెయిర్లూమ్ టమాటా: శ్రీకాకుళం ఎండకి నారు ఎప్పుడు పోయాలి?

మేడమీద_కుండీలు

శ్రీకాకుళం టౌను. మేడ మీద 20 లీటర్ల పెయింటు బకెట్లు 14, కింద పెరట్లో కాస్త ఎర్రనేల. హెయిర్లూమ్, అంటే తరతరాల పాత రకాలంటారే, ఆ గింజలు మూడు రకాలు: బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్, గీరలు గీరలుగా పుల్లగా ఉండే నాటు టమాటా (పెద్దవాళ్ళు రామములక్కాయ అనేవారే, అది). జనవరిలో పోసిన నారు పరిస్థితి ఇది:

ఒకటి, మొలిచిన వారానికి సగం మొక్కలు మొదలు దగ్గర నీరుకారి, దారంలా సన్నబడి ఒరిగిపోయాయి.

రెండు, బతికిన బ్రాండీవైన్ నాలుగడుగులు ఎదిగింది. మార్చి నెలాఖరు నుంచి పూత వస్తోంది, కాడ కణుపు దగ్గర పసుపెక్కి రాలిపోతోంది. ఒక్క పిందె నిలవలేదు.

మూడు, పెరట్లో వేసిన నాటు మొక్క ఆకు పచ్చగా ఉండగానే మధ్యాహ్నం వాడిపోయింది, రాత్రికి తేరుకుంది, మూడో రోజుకి మొత్తం వేలాడిపోయింది. నీళ్ళు తక్కువేం కాలేదు.

ఈసారి ఎప్పుడు పోస్తే పండు చూస్తాం? ప్యాకెట్లో 15 గింజలే ఉంటాయి, వృథా చేసే వీల్లేదు. పండితే ఆ గింజ తీసి మళ్ళీ వాడుకోవచ్చా?

ఎర్రగరువు

మాస్టారూ, రెండో దానితో మొదలెడతాను. మిగతా రెండూ జాగ్రత్తపడితే తప్పించుకోగలిగేవి. ఇది మాత్రం కాలం తప్పు, దీనికి మందు లేదు. పూత రాలుతోందని హార్మోను మందులు కొట్టకండి, డబ్బు దండగ.

టమాటా పూత పిందెగా మారడానికి పగటి ఎండ కంటే రాత్రి చల్లదనం ముఖ్యం. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పిందె గట్టిగా నిలబడుతుంది. 24 దాటితే పుప్పొడి సరిగ్గా తయారవదు, పగలు 35 దాటితే ఉన్న పుప్పొడీ పనికిరాదు. మన తీరంలో మార్చి నెలాఖరు దాటాక రాత్రి 24కి దిగడమే గగనం. మీ బ్రాండీవైన్ సరిగ్గా అప్పుడు పూసింది. మొక్క తప్పు లేదు.

అందుకని లెక్క వెనక నుంచి వెయ్యాలి. మనకి రాత్రులు 20కి అటూ ఇటూ ఉండేది డిసెంబరు, జనవరి నెలల్లోనే, ఫిబ్రవరి సగం దాకా లాగొచ్చు. పూత ఆ రెండున్నర నెలల్లో పడాలి. బ్రాండీవైన్ నాటిన దగ్గర్నుంచి మొదటి పండుకి 80 నుంచి 90 రోజులు తీసుకునే బద్ధకపు రకం. చెరోకీ పర్పుల్ ఓ వారం పది రోజులు ముందు. ఈ రెండూ ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబరు 15 నుంచి 25 లోపు పొయ్యాలి. నాటు రకం తొందరగా వచ్చేస్తుంది కాబట్టి హస్తలో పోసినా ఆలస్యం కాదు, నవంబరు చివర్లో రెండో విడత కూడా పోసుకోవచ్చు.

అలా లెక్క వేస్తే నాటే రోజు అక్టోబరు మధ్యలో పడుతుంది. చిక్కంతా అక్కడే. హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు. రెండూ ఆ రెండో వారమే. కాబట్టి నారుని ట్రే నుంచి నేరుగా బకెట్లోకి దింపకండి. నాలుగాకులు రాగానే లీటరు పట్టే నల్ల పాలిథిన్ సంచిలోకి మార్చండి. గాలి లేస్తే సంచులన్నీ తట్టలో పెట్టి వరండాలోకి తెచ్చుకోవచ్చు, బకెట్లయితే తేలేరు. స్వాతి కార్తె వెళ్ళాక, నవంబరు మొదటి వారం దాటాక బకెట్లోకి. వాయుగుండాలు ఆ తర్వాత కూడా వస్తాయి గానీ, అప్పటికి మొక్క మొదలు గట్టిపడి ఉంటుంది, కర్ర కట్టి ఉంటే తట్టుకుంటుంది.

ఇక పోయడం. పదిహేను గింజల్లో ఎనిమిదే పొయ్యండి. ఏడు దాచండి. తుఫానుకో ఎలక్కో నారు పోతే రెండో అవకాశం ఉండాలి కదా. ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మూడు వంతులు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక వంతు. కోకోపీట్‌ని రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి పిండాకే కలపాలి, ఇటుక రూపంలో వచ్చేదాంట్లో ఉప్పు మిగిలి ఉంటుంది. గింజ లోతు అర సెంటీమీటరు, మహా అయితే ఒక సెంటీమీటరు. 25 నుంచి 30 డిగ్రీల దగ్గర ఐదో రోజు నుంచి ఎనిమిదో రోజు లోపు మొలుస్తుంది. సెప్టెంబరు ఎండకి మేడ గచ్చు కాలిపోతుంది, 35 దాటితే గింజ మొలవదు. మొలిచే దాకా ట్రేని వరండా నీడలో ఉంచండి. మొదటి మెడ వంపు మట్టి పైకి కనబడిన రోజే పొద్దుటెండలోకి మార్చాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడ తీగలా సాగుతుంది.

నారుమడి

మొదటిది నారుకుళ్ళు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజులు చేసే పని. ఇవి ప్రతి మట్టిలోనూ ఉంటాయి, తడి ఆరనివ్వకపోతే లేస్తాయి. కాబట్టి రోజుకి రెండుసార్లు మగ్గుతో నీళ్ళు చల్లడం మానండి. ట్రేని పళ్ళెంలో అంగుళం నీళ్ళలో పది నిమిషాలు పెట్టి తీసేయండి, కింద నుంచి పీల్చుకుంటుంది. మళ్ళీ ఎప్పుడంటే, కోకోపీట్ పైభాగం ముదురు గోధుమ రంగు నుంచి లేత రంగుకి తిరిగినప్పుడు. ట్రే ఎత్తి చూస్తే బరువులో తేడా తెలిసిపోతుంది, రెండు రోజులు ఎత్తితే చేతికి అలవాటైపోతుంది.

పోసే ముందు గింజల్ని తడి వేలితో తడిపి, చిటికెడు ట్రైకోడెర్మా విరిడి (తెగులు బూజుల్ని అణిచే మంచి బూజు) పొడిలో దొర్లించండి. కిలో గింజలకి 4 గ్రాములు అని రాస్తారు, ఎనిమిది గింజలకి తూచే త్రాసు ఎవరి దగ్గరా ఉండదు. పచ్చి గెత్తం (పశువుల ఎరువు) మాత్రం నారు దగ్గరికి రానివ్వకండి, చాలా ఇళ్ళల్లో నారు పోయేది దానివల్లే.

పడిపోయిన మొక్క లేవదు. దాని చుట్టూ మట్టితో సహా చెంచాతో తీసేసి, మిగిలినవాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు లీటరు నీళ్ళకి 3 గ్రాములు కలిపి మొక్క మొదట్లో పొయ్యండి. అది పోస్తే ట్రైకోడెర్మా కూడా చచ్చిపోతుంది, మళ్ళీ వేయాలంటే పది రోజులు ఆగాలి. రెండూ కలిపి ఒకే రోజు వాడేవాళ్ళున్నారు, ఒకదాన్ని ఇంకోటి తినేస్తుంది.

సాగిపోయిన నారు ఉంటే పారెయ్యక్కర్లేదు. సంచిలోకి మార్చేటప్పుడు కింది ఆకులు గిల్లేసి, కాడ సగానికి పైగా మట్టిలో పాతెయ్యండి. టమాటా కాడ మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. వంగకీ మిరపకీ ఇలా చెయ్యకూడదు.

నాగావళి_గట్టు

మూడోది బ్యాక్టీరియా ఎండు తెగులు అనిపిస్తోంది గానీ, అనుమానంతో ఒగ్గేయకండి, ఐదు నిమిషాల్లో తేలిపోతాది.

వాడిన మొక్క మొదట్లోంచి నాలుగంగుళాల కాడ ముక్క కొయ్యండి. పారదర్శకంగా ఉన్న గాజు గ్లాసులో నీళ్ళు పోసి, కదలకుండా కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. కోసిన కొస నీళ్ళలో ఒక సెంటీమీటరు మునిగేలా దారంతో వేలాడదీయండి. గ్లాసు వెనక నల్ల గుడ్డ ఉంటే బాగా కనబడతాది. కాడ కొస నుంచి పాలచుక్క నీళ్ళలో జారినట్టు సన్నటి తెల్ల దారాలు కిందికి దిగితే రాల్‌స్టోనియా, అంటే ఆ ఎండు తెగులు బ్యాక్టీరియా అన్నమాట. ఏమీ దిగకుండా, కాడ చీరితే లోపల గోధుమ గీతలుండి, కింది ఆకులు ముందు పసుపెక్కి ఉంటే ఫ్యూజేరియం బూజు. మీరు చెప్పినట్టు ఆకు పచ్చగా ఉండగానే వాడింది కాబట్టి మొదటిదే అవ్వొచ్చు.

తేలితే, వేర్లతో సహా తవ్వి తీసి కాల్చెయ్యండి, కంపోస్టు గుంతలో వెయ్యొద్దు. గునపం, బొరిగె కడగాలి. ఆ చోటు నుంచి నీరు పక్క మడిలోకి పారకూడదు. అక్కడ మూడేళ్ళ దాకా టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వద్దు. మొక్కజొన్న వేసుకోండి. ఈ బ్యాక్టీరియాకి వేడి, తడి, పులుపు నేల ఇష్టం. మన ఎర్రనేలల్లో వానాకాలం మూడూ ఉంటాయి.

బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్‌కి దీన్ని తట్టుకునే గుణం లేదు. అవి బకెట్లకే. పెరట్లోనే పెంచాలని పట్టుదల ఉంటే రెండు దార్లు. బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క ఆభా, అర్క ఆలోక్ దీన్ని తట్టుకుంటాయి, అవి హైబ్రిడ్లు కావు, గింజ దాచుకోవచ్చు. లేదంటే అంటు కట్టడం, తెగులు తట్టుకునే వంగ మీద గానీ ఉస్తి (వంగ జాతి అడవి మొక్క) మీద గానీ. వంగ గింజ టమాటా కంటే వారం ముందు పొయ్యాలి, ఉస్తి అయితే ఇంకా చాలా ముందు, మొలవడానికే బద్ధకిస్తాది. రెండు కాడలూ రెండు, మూడు మిల్లీమీటర్ల లావున సమానంగా ఉన్నప్పుడు ఒకే ఏటవాలుగా కొత్త బ్లేడుతో కోసి, సిలికాన్ క్లిప్పుతో పట్టించాలి. మూడు రోజులు చీకట్లో, తడి ఆరకుండా మూత పెట్టిన డబ్బాలో ఉంచి, తర్వాత వారం పాటు మెల్లమెల్లగా వెలుతురు అలవాటు చెయ్యాలి. నాటేటప్పుడు అంటు అతుకు మట్టికి రెండంగుళాలు పైన ఉండాలి. పైన నారుమడి గారు చెప్పినట్టు కాడ పాతారంటే టమాటా సొంత వేరు వేసేసి, తెగులు దాని గుండా ఎక్కేస్తాది. కట్టిన కష్టం గంగపాలు.

వంటింటి_పెరడు

ఏటండీ ఇంత తతంగం. రైతు బజార్లో మంచి పండు ఒకటి కొని, పిసికి పారేస్తే మొలవదా?

గింజల_డబ్బా

మొలుస్తుందండి అక్కా, బ్రహ్మాండంగా మొలుస్తుంది. ఏం కాస్తుందో చెప్పలేం, అంతే. ఇప్పుడు బజారుకొచ్చే గట్టి తోలు టమాటాలో ఎక్కువ భాగం హైబ్రిడ్. దాని గింజ రెండో తరంలో చెల్లాచెదురవుతుంది: ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకదానికి తెగులు తట్టుకునే గుణం ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. అర్క రక్షక్ పేరున్న సంస్థదే అయినా హైబ్రిడే, దాని గింజ దాచి లాభం లేదు. పూసా రూబీ, పీకేఎం-1, అర్క వికాస్ శుద్ధ రకాలు, తల్లి ఎలాగో పిల్ల అలాగే. హెయిర్లూమ్ అన్నవన్నీ పాతవే అనుకోవద్దు. గ్రీన్ జీబ్రా 1983లో అమ్మకానికొచ్చింది, కానీ గింజ నిలుస్తుంది. మనకి కావలసింది ఆ నిలకడే.

మేడమీద_కుండీలు గారి ప్రశ్నకి: మూడూ దాచుకోవచ్చు. టమాటా పువ్వు తనంతట తానే ఫలదీకరణ చేసుకుంటుంది, ఎందుకంటే కీలాగ్రం కేసరాల గొట్టం లోపలే ఉంటుంది. ఒక మెలిక ఉంది. బ్రాండీవైన్ లాంటి, ఆకు బంగాళాదుంప ఆకులా ఉండే రకాల్లో కీలాగ్రం చాలాసార్లు ఆ గొట్టం దాటి సూదిమొనలా బయటికొస్తుంది, అప్పుడు తేనెటీగ పక్క రకం పుప్పొడి అంటించేస్తుంది. మొక్కకి మొదట్లో వచ్చే జంట పువ్వులు, బల్లపరుపుగా రెండు పువ్వులు అతుక్కున్నట్టు ఉండేవి, ఇంకా నమ్మలేం. గింజకి వాటిని వదిలెయ్యండి. రెండో గుత్తిలో, విచ్చుకోని మొగ్గ మీద తాంబూలాల్లో ఇచ్చే పల్చటి నెట్ సంచి తొడిగి తాడు బిగించండి. పొద్దున్న ఎనిమిది నుంచి పది లోపు సంచి మీదే వేలితో రెండు మూడుసార్లు మీటండి. పిందె శనగ గింజంత అయ్యాక సంచి తీసేసి, ఆ కాడకి ఎర్ర దారం కట్టాలి. లేకపోతే ఇంట్లోవాళ్ళు అదే కోసి చారు పెట్టేస్తారు.

గింజ తీయడంలో అందరూ తప్పేది రోజుల లెక్క దగ్గర. పండు మెత్తబడేదాకా చెట్టునే ఉంచి కోయాలి. అడ్డంగా కోసి, గుజ్జూ గింజా గాజు గ్లాసులోకి పిండి, గుజ్జు గట్టిగా ఉంటే రెండు చెంచాల నీళ్ళు. పైన గుడ్డ కట్టి నీడలో ఉంచండి. చలి దేశాలవాళ్ళు మూడు, నాలుగు రోజులు పులియబెట్టమని రాస్తారు. మన వాతావరణంలో 24 నుంచి 36 గంటలు చాలు, ఫిబ్రవరి చలిలో మహా అయితే 48. పైన తెల్లటి పొర కట్టి, గింజ చుట్టూ జిగురు వదిలి, పుల్లతో కదిపితే గింజలు అడుక్కి దిగుతుంటే అయిపోయినట్టే. ఇంకా ఉంచితే గ్లాసులోనే మొలకలొచ్చేస్తాయి. ఆ జిగురే పండులో ఉండగా గింజని మొలవకుండా ఆపేది. అది వదిలితేనే మొలక సమంగా వస్తుంది, గింజ పైన అంటిన కొన్ని తెగుళ్ళూ తగ్గుతాయి. బూడిదలో పులిమి పిడకకి కొట్టే పాత పద్ధతి పొట్ల, బీర గింజలకి బాగుంటుంది గానీ టమాటాకి ఇదే మేలు.

తేలినవి తాలు, వంపేయండి. దిగినవాటిని మూడు నాలుగుసార్లు కడిగి పింగాణీ పళ్ళెంలో పరచండి. కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. ఎండలో పెట్టకండి, ఫ్యాను కింద రెండు రోజులు, మధ్యలో వేళ్ళతో విడదీస్తూ ఉండాలి. తర్వాత ఇంకో వారం నీడలో. గోరుతో మడిస్తే వంగకుండా టక్కున విరిగితే ఆరినట్టు. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, కాగితం పొట్లంలో ఉంచితే ఒక్క వానాకాలానికి పాడవుతాయి. చిన్న గాజు సీసాలో, అడుగున దోరగా వేయించి చల్లార్చిన బియ్యం రెండు చెంచాలు గుడ్డలో మూటకట్టి వేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో. నాలుగైదేళ్ళు ఉంటాయి. సీసా మీద రకం పేరు, ఏడాది రాయండి, ఆరిన తర్వాత ఏ రకం గింజైనా ఒకేలా కనబడుతుంది.

ఇంకో మాట. మన వైపు చుట్ట కాల్చేవాళ్ళు, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టి చుట్ట కాల్చడం) పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులోనూ బతికే ఉంటుంది, చేతుల నుంచి నారుకి అంటుతుంది. పిలకలు గిల్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోమని చెప్పండి. మొహమాటపడితే ఆకులు మచ్చలు మచ్చలుగా ముడుచుకుంటాయి.

మేడమీద_కుండీలు

గ్లాసు పరీక్ష చేశాను, దారాలు దిగాయి. ఆ మడి వదిలేశాను. ఇంకో రెండు: బకెట్లో ఏది ఎంత కలపాలి? మా బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. బజారు మొక్క ఒకటి ఉంటే దాని కాయల అడుగు నల్లగా తోలులా అయిపోతోంది. గుడ్డు పెంకులు వేస్తున్నా తగ్గట్లేదు.

ఎర్రగరువు

ఆ నలుపు తెగులు కాదు, కాయ కొసకి సున్నం అందకపోవడం. మట్టిలో సున్నం ఉన్నా నీటితోపాటే ఎక్కాలి. ఒక రోజు ఎండగట్టి మర్నాడు వరద పెడితే అందదు. ఉప్పు నీళ్ళు ఇంకా అడ్డం పడతాయి. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకి అక్కరకు రాదు. నల్లబడ్డ కాయలు కోసి పారెయ్యండి, తర్వాత వచ్చేవి బాగుంటాయి. ముందు నీళ్ళు సరిచెయ్యండి: బోరు నీళ్ళూ కుళాయి నీళ్ళూ సగం సగం, బకెట్‌కి కాపు మీద రోజుకి రెండు లీటర్లు, పొద్దున లీటరు, సాయంత్రం లీటరు. వారానికోసారి మంచినీళ్ళు అడుగు రంధ్రాల్లోంచి బాగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుగడ్డి పరచండి.

బకెట్ అడుగున, పక్కల కూడా, అర అంగుళం రంధ్రాలు ఆరు. కొత్తగా తెచ్చిన ఎర్రమట్టి, ఆరు నెలలు మాగిన గెత్తం, కడిగిన కోకోపీట్ సమపాళ్ళు, బకెట్‌కి వంద గ్రాముల వేపపిండి. తెగులు వచ్చిన మడి మట్టి మాత్రం వద్దు. మట్టి పులుపెంతో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి పరీక్ష చేయించుకోండి. పీహెచ్ ఆరుకి తక్కువుంటే నాటే రెండు వారాల ముందే బకెట్‌కి 40 గ్రాములు డోలమైటు (ఒక రకం సున్నపురాయి పొడి). యూరియా వద్దు, ఆకు పెరిగి పూత తగ్గుతుంది, ఆ నలుపు కూడా ఎక్కువవుతుంది. పూత మొదలయ్యాక వేరుశనగ చెక్క 50 గ్రాములు లీటరు నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్ళు కలిపి, పదిహేను రోజులకోసారి మొక్కకి అర లీటరు. వాసనకి పక్కింటివాళ్ళు అడుగుతారు, చెప్పుకోవాలి.

బకెట్‌కి ఒకే మొక్క. ఆరడుగుల సరుగుడు కర్ర నాటే రోజే గుచ్చండి, తర్వాత గుచ్చితే వేర్లు తెగుతాయి. పాత చీర పేలికతో ఎనిమిది అంకెలా మెలిపెట్టి వదులుగా కట్టాలి. బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్‌కి రెండు కొమ్మలుంచి, ఆకు చంకల్లో వచ్చే పిలకలు అంగుళం ఉండగానే గిల్లెయ్యండి. నాటు రకం గుబురుగా పెరుగుతుంది, దాన్ని ముట్టుకోకండి.

ఆకుముడత భయం తెల్లదోమతో. నారు దశలో 40 మెష్ (అంగుళానికి 40 కళ్ళుండే) నైలాన్ నెట్ కింద ఉంచితే సగం గండం గడిచినట్టే, ఎందుకంటే చిన్నప్పుడు అంటితేనే మొక్క పూర్తిగా గిడసబారిపోతుంది. నాటాక పసుపు జిగురు అట్టలు, పది రోజులకోసారి సాయంత్రం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి సబ్బునీళ్ళ చుక్క. ముడత పడ్డ మొక్క కోలుకోదు, మొహమాటం లేకుండా పీకెయ్యండి.

చెరోకీ పర్పుల్ ఎర్రబడేదాకా చూడకండి. అడుగు ముదురు గులాబీ రంగుకి తిరిగి, తొడిమ చుట్టూ భుజాలు ఇంకా పచ్చగా ఉండగానే అది పండిపోయినట్టు. వేలితో నొక్కితే కాస్త దిగుతుంది. ఇంకో నాలుగు రోజులాగితే మెత్తబడి పగులుతుంది, ఆ పగుళ్ళలో చీమలు చేరతాయి.